ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు: హెడ్ దించే ముందు బ్రీదర్ దారి చూసుకునే పద్ధతి

ఆయిల్ పోసే మూత విప్పి తిరగేస్తే లోపల పసుపు కలిసిన తెల్లటి జిడ్డు. వానాకాలంలోనూ, డిసెంబర్, జనవరి నెలల్లోనూ హైదరాబాద్‌లో సిటీ లోపలే తిరిగే కార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. చూడగానే టెన్షన్ పట్టుకుంటుంది. షెడ్డుకి తీసుకెళ్తే "ఆయిల్‌లో నీళ్లు కలిసినయ్ సార్, హెడ్ గ్యాస్కెట్ పోయింది" అనే మాట వినడానికి ఎక్కువసేపు పట్టదు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు. అది పోయినా ఇలాంటి జిడ్డు పడుతుంది, కాదనను. కానీ రోజుకి మూడు నాలుగు కిలోమీటర్లు మించి తిరగని కారులో, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గకుండా, మూత కింద మాత్రమే జిడ్డు ఉంటే ఆ అనుమానం చివరికి పెట్టుకోవాలి. ముందు చూడాల్సింది ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ దారిని. చాలా కార్లలో అది కొన్ని వందల రూపాయల వాల్వ్, ఒకటి రెండు రబ్బరు పైపులు, అంతే. వాటిని చూడకుండా హెడ్ దించడానికి దయచేసి ఒప్పుకోకండి.

లోపల ఏం జరుగుతోంది

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా సిలిండర్‌లో మండిన గ్యాస్‌ని పూర్తిగా ఆపలేవు. కొంత గ్యాస్ రింగుల పక్క నుంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబర్ వైపు దిగుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో సరిగా మండని పెట్రోల్ ఉంటుంది, ఆమ్ల గుణమున్న గ్యాసులుంటాయి, నీటి ఆవిరి ఉంటుంది. ఈ నీరు వాన వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. వానగాలి పాత్ర చిన్నదే. అసలు నీరు ఇంధనంలోంచే పుడుతుంది. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. పొద్దున్నే సైలెన్సర్ నుంచి చుక్కలు పడేది అందుకే. సీఎన్‌జీ అయితే ఇంకా ఎక్కువ. కిలో పెట్రోల్‌కి సుమారు 1.4 కిలోల నీరు వస్తే, కిలో సీఎన్‌జీకి 2.25 కిలోల వరకు వస్తుంది. కాబట్టి సీఎన్‌జీ కారున్నవాళ్లు ఈ విషయం మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ పట్టించుకోవాలి.

ఆ నీటిలో ఎక్కువ భాగం సైలెన్సర్ దారిన పోతుంది. రింగులు దాటి కిందికి దిగినది వేడి ఆయిల్ మీద ఆవిరిగానే ఉండి బయటికి పోవాలి. ఆయిల్ వేడెక్కకపోతే పోదు. అన్నం గిన్నె మూత లోపల నీటి బొట్లు పట్టినట్టే, ఇంజిన్‌లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట, అంటే ఆయిల్ మూత కింద, టాపెట్ కవర్ (ఇంజిన్ పైన బిగించిన మూత) లోపల, బ్రీదర్ పైపు వంపులో అది నీరుగా మారి, ఆయిల్ తుంపరతో కలిసి జిడ్డవుతుంది.

పాతకాలపు కార్లలో ఈ ఆవిర్లన్నీ ఒక గొట్టం గుండా నేరుగా రోడ్డు మీదికే పోయేవి. పొగమంచులాంటి కాలుష్యంతో కాలిఫోర్నియా ఉక్కిరిబిక్కిరైన రోజుల్లో, 1960ల మొదట్లో, వాటిని తిరిగి ఇంజిన్‌లోకే పంపి కాల్చే పద్ధతి అక్కడి కార్లలోకి వచ్చింది. అదే ఇప్పుడు మన కార్లలోనూ ఉన్న పీసీవీ (పాజిటివ్ క్రాంక్‌కేస్ వెంటిలేషన్). మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో దీనికి రెండు పైపులుంటాయి. ఒకటి ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి టాపెట్ కవర్‌కి వచ్చే బ్రీదర్ పైపు. దీని గుండా వడగట్టిన గాలి లోపలికి వెళ్తుంది. రెండోది టాపెట్ కవర్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాలకి పోయేది. పీసీవీ వాల్వ్ ఉండేది దీని మొదట్లో. మానిఫోల్డ్‌లోని వ్యాక్యూమ్ (పీల్చే శక్తి) ఆవిర్లను ఈ దారిన లాక్కుంటుంది. బండి ఐడిల్‌లో (కదలకుండా ఇంజిన్ మాత్రం నడుస్తూ) ఉన్నప్పుడు వ్యాక్యూమ్ ఎక్కువ, బ్లో-బై తక్కువ. అప్పుడు లోపలి చిన్న ప్లంజర్ దారిని సన్నం చేస్తుంది. ఒక వేగంతో సాఫీగా పోతున్నప్పుడు దారి వెడల్పవుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వ్యాక్యూమ్ దాదాపు ఉండదు, అప్పుడు మిగిలిన ఆవిరి బ్రీదర్ పైపులో వెనక్కి ఎయిర్ ఫిల్టర్ వైపు నడుస్తుంది.

ఈ వెనక్కి నడవడం గుర్తుపెట్టుకోండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ ఎందుకు కనిపిస్తుందో దీంతోనే అర్థమవుతుంది.

దారి మూసుకుపోతే ఆవిరి లోపలే నిలిచి ప్రెజర్ పెరుగుతుంది. అది ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. టాపెట్ కవర్ గ్యాస్కెట్ చెమర్చడం, ఆయిల్ గేజ్ కడ్డీ పైకి లేవడం, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక సీల్ కారడం ఇలాగే మొదలవుతాయి. వెనక సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఆ ఖర్చు పెట్టి కొత్త సీల్ వేసినా, మూసుకుపోయిన వాల్వ్ అలాగే ఉంటే కొన్నాళ్లకి మళ్లీ కారుతుంది. సీల్ మార్చాలని ఎవరైనా అంటే "పీసీవీ చూశారా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలా డబ్బు మిగులుస్తుంది.

మొదటి పని: కూలెంట్ కాదని తేల్చుకోవడం

తెల్లటి జిడ్డు ఉంటే మిగతా అన్నిటికంటే ముందు ఈ పని. తొందరపడొద్దు, ఒక వారం పది రోజులు ఇవ్వండి.

పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, కూలెంట్ డబ్బా మీద నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. రోజూ అదే సమయానికి, అదే చోట బండి నిలిపి చూడండి. గీత దగ్గరే ఉంటే సగం భయం పోయినట్టే. రెండోది, ఆయిల్ గేజ్ బయటికి తీసి తెల్లటి గుడ్డ మీద తుడవండి. మూత కింద జిడ్డు ఉన్నా గేజ్ మీద ఆయిల్ మామూలుగా, పారదర్శకంగానో నల్లగానో ఉంటే అది ఆవిరి జిడ్డు. గేజ్ మీద ఆయిల్ మొత్తం పాలు కలిపిన టీ రంగులోకి మారితే విషయం వేరు, అప్పుడు బండి నడపకండి. మూడోది, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్లపొగ, తియ్యటి వాసనతో ఆగకుండా వస్తోందా? కూలెంట్ డబ్బాలో ఆయిల్ తెట్టు తేలుతోందా? ఇవి ఉంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం సరైనదే. షెడ్డులో కూలింగ్ సిస్టమ్ ప్రెజర్ టెస్ట్ చేయించండి. కూలెంట్‌లో మండిన గ్యాస్ ఉందో లేదో రంగు మారే ద్రవంతో చూసే టెస్టు కూడా ఉంటుంది. అదీ అడగండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పొద్దు.

గేజ్ చూస్తున్నప్పుడే ఇంకొకటి గమనించండి. ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతోందా? పొట్టి ప్రయాణాలు చేసే కారులో మండని పెట్రోల్ ఆయిల్‌లోకి దిగి మట్టాన్ని పెంచుతుంది. గేజ్ ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన తెలుస్తుంది. అలా ఉంటే కిలోమీటర్లు లెక్క చూడకుండా ఆయిల్ మార్చేయాలి.

మట్టం పెరగడానికి మరో మామూలు కారణం, సర్వీసింగ్‌లో ఎక్కువ పోయడం. చిన్న పెట్రోల్ ఇంజిన్‌కి మూడు లీటర్ల చిల్లర చాలు. డబ్బాలో మూడున్నరో నాలుగో ఉంటుంది. మిగలడం ఎందుకని మొత్తం పోసేస్తారు. మట్టం పై గీత దాటితే తిరిగే క్రాంక్ ఆయిల్‌ని చిలికి తుంపర చేస్తుంది, ఆ తుంపర బ్రీదర్‌లోకి పోతుంది. థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపుచేసే తలుపు) నిండా ఆయిల్ చూసి ఇంజిన్ అరిగిందని బెంగపడేవాళ్లలో కొందరికి, నిజంగా కావాల్సింది ఆ ఎక్కువైన ఆయిల్‌ని తీయించడమే. మీ బండికి ఫిల్టర్‌తో కలిపి ఎంత పడుతుందో మాన్యువల్‌లో చూసి, సర్వీస్ స్లిప్ మీద మీరే రాయించండి.

రెండో పని: గ్లవ్ టెస్ట్

ఇది ఇంట్లోనే చేయొచ్చు. కానీ మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి నిలబడొద్దు, సైలెన్సర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బండిని బయటికి తెచ్చుకోండి. చున్నీ, వదులు చేతులు, మెడలో వేలాడే ట్యాగు లాంటివి బెల్టుల దగ్గరికి రాకుండా చూసుకోండి.

ఇంజిన్ కాస్త వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ మూత మెల్లగా విప్పండి. ఆ రంధ్రం మీద పలుచటి రబ్బరు గ్లవ్ గాని, మందమైన కాగితం ముక్క గాని పరచండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్ దాన్ని మెత్తగా లోపలికి లాక్కుంటుంది, లేదంటే కొంచెం ఊగిసలాడుతూ అక్కడే ఉంచుతుంది. గ్లవ్ బెలూనై పైకి లేచినా, కాగితం ఎగిరిపోయినా లోపల ప్రెజర్ ఉన్నట్టు. వాల్వ్ గాని పైపు గాని మూసుకుపోయి ఉండొచ్చు, రింగులు అరిగి ఉండొచ్చు. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. గ్లవ్ గట్టిగా లోపలికి పీల్చుకుపోవడం, మూత విప్పడానికే బలం కావలసి రావడం, ఈల లాంటి శబ్దం. టాపెట్ కవర్‌లోనే పీసీవీ డయాఫ్రమ్ (పలుచటి రబ్బరు పొర) ఇమిడి ఉన్న ఇంజిన్లలో అది చిరిగితే ఇలా అవుతుంది.

డీజిల్ బండ్లకి ఈ టెస్టును ఇంతే ఖచ్చితంగా తీసుకోకూడదు. వాటిలో మూత విప్పితే కొద్దిగా ఆవిరి తన్నడం మామూలే. కొన్నిటిలో ఆయిల్ చిమ్మి చొక్కా పాడవుతుంది.

మూడో పని: వాల్వ్ బయటికి తీసి చూడటం

ఇంజిన్ ఆపి, చేతితో తాకగలిగేంత చల్లారనివ్వండి. కావలసినవి నోస్ ప్లయర్, చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్, శుభ్రమైన బనియన్ గుడ్డ, గ్లవ్స్. కాటన్ వేస్ట్ వద్దు, దాని నూలు పోగులు ఇన్‌టేక్‌లోకి పోతాయి. విప్పేముందు ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకోండి.

టాపెట్ కవర్ మీద నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి పోయే, బొటనవేలంత లావు పైపు కోసం వెతకండి. దాని కవర్ వైపు చివర ఉండే ప్లాస్టిక్ లేదా ఇనుప ముక్కే వాల్వ్. కొన్నిటిలో రబ్బరు గ్రోమెట్‌లో నొక్కి ఉంటుంది, కొన్నిటిలో మరతో బిగించి ఉంటుంది. కొత్త ఇంజిన్లు కొన్నిటిలో కవర్‌లోపలే కలిసి వస్తుంది, దాన్ని విడిగా తీయలేరు. మీ బండి అలాంటిదైతే ఈ భాగం వదిలి పైపుల దగ్గరికి వెళ్లండి.

క్లిప్పు వెనక్కి జరిపాక పైపుని నేరుగా లాగకండి. ముందు అటూఇటూ మెలితిప్పి పట్టు వదిలించండి. మన ఎండలకి, ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి ఉంటుంది. లాగితే చివర చిరిగిపోతుంది, లేదంటే మానిఫోల్డ్ మీది ప్లాస్టిక్ ముక్కు విరుగుతుంది. అది విరిగితే వందల్లో పోయేది వేలల్లోకి పోతుంది.

వాల్వ్ చేతికొచ్చాక చెవి దగ్గర ఊపండి. లోపలి ప్లంజర్ టక్ టక్ మని ఖంగున మోగాలి. మోగకపోతే జిడ్డులో ఇరుక్కుంది. మోగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, స్ప్రింగు నీరసించి ఉండొచ్చు. శుభ్రమైన చిన్న పైపు తగిలించి ఇంజిన్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగిపోవాలి లేదా అతి కొద్దిగా పోవాలి. రెండు వైపులా ధారాళంగా పోతుంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. అలాంటి బండి ఐడిల్‌లో వణుకుతుంది, ఆర్‌పీఎం పెరిగి ఉంటుంది, ఆయిల్ తాగుతుంది, స్పార్క్ ప్లగ్గులు పాడవుతాయి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో పి 0171 అనే కోడ్ కనిపించవచ్చు. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని దాని ఫిర్యాదు.

వాల్వ్‌ని కడిగి వాడుకోవచ్చా అంటే, నా అభిప్రాయం వద్దనే. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, ఊపితే మోగుతోందని పెట్టేసేవాళ్లున్నారు. స్ప్రింగు లోపలి సంగతి మనకి కనపడదు. ధర తక్కువ, కొత్తది వేయండి. పార్ట్ నంబర్ పాతదాని మీద చూసుకుని కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్ స్పేర్ పార్ట్స్ దుకాణాల్లోనో తీసుకోవచ్చు. చూడటానికి ఒకేలా ఉన్నా మరో మోడల్ వాల్వ్ పెట్టొద్దు. ఒక్కో ఇంజిన్‌కి ఎంత గాలి పోవాలన్నది లెక్కకట్టి చేసిన ముక్క అది. గ్రోమెట్ లేదా ఓ-రింగు కూడా దాంతోపాటే మార్చండి.

నాలుగో పని: పైపులు

వాల్వ్‌కి పేరుంది గానీ నీరు నిలిచేది మాత్రం పైపుల్లోనే. మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన అంకుల్ ఒకాయన కారు సంగతి చెప్తాను. చిన్న పెట్రోల్ కారు. రైతు బజార్, గుడి, మనవడి స్కూలు, మళ్లీ సెల్లార్. అంతే దాని తిరుగుడు. ఒక షెడ్డులో మూత చూసి హెడ్ పని చెప్పారు. "బాబూ, ఒకసారి నువ్వు చూడు" అని ఆయన అడిగితే, కూలెంట్ డబ్బా మీద గీత పెట్టి "ఒక పది రోజులు ఆగండి అంకుల్" అన్నాను. గీత కదల్లేదు. తర్వాత పైపు విప్పి వంపు దగ్గర వేళ్లతో నొక్కితే బూడిదరంగు నీరు, వెనకే చిక్కటి జిడ్డు ముద్ద జారి గుడ్డ మీద పడింది. నీరు విడిగా, జిడ్డు విడిగా కనిపించింది. వాల్వ్ ఊపితే మోగలేదు. కొత్త వాల్వ్, కొత్త పైపు, ఆయిల్, ఫిల్టర్. ఇవి మార్చాక మూత శుభ్రంగా తుడిచిపెట్టాం. ఆయన ఆదివారాలు బండిని కాస్త దూరం తిప్పడం మొదలుపెట్టాక జిడ్డు మళ్లీ కట్టలేదు. హెడ్ ముట్టుకోలేదు.

పైపుని వంచి చూడండి. పగుళ్లు తేలితే మార్చాలి. వేళ్లతో నొక్కితే మరీ మెత్తగా, లోపల పొర ఉబ్బినట్టున్నా మార్చాలి. ఆయిల్ ఆవిరికి నానిన రబ్బరు, వ్యాక్యూమ్ లాగినప్పుడు చప్పిడిగా అతుక్కుపోయి దారి మూసేస్తుంది. చేతిలో బాగానే కనిపిస్తుంది, బండి నడుస్తున్నప్పుడు మూసుకుంటుంది. అందుకే దొరికిన నీళ్ల పైపు ముక్క కోసి తగిలించడం తప్పు. ఆయిల్‌ని, వేడిని, వ్యాక్యూమ్‌ని తట్టుకునే, ఆ బండికి వంపు తిరిగి వచ్చే అసలు పైపే వేయాలి.

బాగున్న పైపైతే వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సన్నటి బాటిల్ బ్రష్‌తో రుద్ది కడగండి. పెట్రోల్‌తో కడగొద్దు, రబ్బరు ఉబ్బుతుంది, పైగా నిప్పు ప్రమాదం. కడిగాక పూర్తిగా ఆరాలి. తడి పైపు తగిలిస్తే మనం తీసిన నీటినే మళ్లీ లోపలికి పంపినట్టు. బ్రీదర్ పైపుకీ ఇదే పద్ధతి. పైపు తగిలే టాపెట్ కవర్ ముక్కులో, మానిఫోల్డ్ ముక్కులో కూడా గట్టిపడిన మడ్డి ఉంటుంది. గుడ్డ చుట్టిన పుల్లతో బయటికి లాగండి, లోపలికి తోయకండి.

అన్నీ బిగించాక ఇంజిన్ ఆన్ చేసి, ప్లయర్‌కి గుడ్డ చుట్టి వాల్వ్‌కీ మానిఫోల్డ్‌కీ మధ్య పైపుని ఒక్క క్షణం నొక్కి వదలండి. ఐడిల్ కొద్దిగా మారి మళ్లీ సర్దుకోవాలి. ఏ మార్పూ లేకపోతే ఆ దారిలో గాలి ఆడటం లేదు. తర్వాత గ్లవ్ టెస్ట్ మళ్లీ చేయండి.

ఐదో పని: ఆయిల్ చేరిన చోట్లు

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. బ్రీదర్ పైపు వచ్చి కలిసే మూల కొంచెం చెమ్మగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఫిల్టర్ కాగితం ఆయిల్‌లో తడిసి ఉంటే అది మార్చండి, ఊది వాడొద్దు. థ్రాటిల్ బాడీలో నల్లటి పొర ఉంటే థ్రాటిల్ క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పళ్లాన్ని ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో తెరవకండి, అది ఉన్నట్టుండి మూసుకుని వేలు నలుగుతుంది, మోటారూ పాడవుతుంది. శుభ్రం చేశాక ఐడిల్ కాసేపు ఎక్కువగా ఉండొచ్చు. కొన్ని బండ్లకి స్కానర్‌తో రీసెట్ కావాలి. గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండి అయితే దానికి విడిగా దొరికే క్లీనరే వాడాలి, గుడ్డ తగలకూడదు.

ఆరో పని: థర్మోస్టాట్

ఇన్ని చేసినా జిడ్డు తిరిగొస్తుంటే ఇక్కడ చూడండి. మన వేసవికి భయపడి, "ఇంజిన్ చల్లగా ఉంటది" అని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తీసేసే అలవాటు ఇంకా పోలేదు. పాత కారు కొన్నవాళ్లకి తమ బండిలో అది లేదన్న సంగతే తెలియదు. థర్మోస్టాట్ లేని ఇంజిన్, లేదా అది తెరుచుకుని ఉండిపోయిన ఇంజిన్, చలికాలం పొద్దున ఎంత దూరం పోయినా సరిగ్గా వేడెక్కదు. ఆయిల్‌లో నీరు అలాగే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంజిన్‌ని చల్లగా ఉంచడం దానికి మేలు కాదని గట్టిగా చెప్తున్నాను.

పరీక్ష తేలిక. చల్లటి ఇంజిన్ ఆన్ చేసి, రేడియేటర్ పై పైపుని, ఫ్యాన్‌కి దూరంగా, చేత్తో తాకుతూ ఉండండి. కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మెల్లమెల్లగా వేడెక్కుతుంటే థర్మోస్టాట్ పని చేయట్లేదు, లేదా లేనే లేదు. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఉంటే ఇంకా మంచిది. కూలెంట్ ఎన్ని డిగ్రీలు చేరిందో ఫోన్‌లో కనిపిస్తుంది. చాలా బండ్లు 80ల చివర, 90 డిగ్రీల దగ్గర స్థిరపడతాయి. 65, 70 దగ్గరే ఆగిపోతే మార్చాల్సిందే.

నడిపే తీరు

బాగుచేసిన బండి మళ్లీ అదే తిరుగుడు తిరిగితే మళ్లీ అదే జిడ్డు. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం. అది కూలెంట్ వేడి. ఆయిల్ అంత వేడికి చేరడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. నీరు పోవాలంటే ఆయిల్ 90, 100 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉండాలి. కూకట్‌పల్లి సిగ్నళ్ల మధ్య మూడు కిలోమీటర్లకి అది జరగదు.

వారానికో పది రోజులకో ఒకసారి ముప్పావు గంట ఆగకుండా నడపండి. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా వెళ్లి రావడం సరిపోతుంది. మెహదీపట్నం వైపు వాళ్లకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉంది గానీ అది పన్నెండు కిలోమీటర్లు కూడా లేదు, దిగాక ఇంకొంత దూరం పోవాలి. వేగం అక్కర్లేదు, 80 చాలు. వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు బ్యాటరీ కోసం సెల్లార్‌లో ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తుంటారు. ఈ విషయంలో ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. నీరు తయారవుతుంది, ఆవిరయ్యేంత వేడి రాదు. బయటికి తీసే ఉద్దేశం లేకపోతే స్టార్ట్ చేయకండి, బ్యాటరీకి చార్జర్ పెట్టుకోండి. చిన్న చిన్న పనులుంటే ఒకే ట్రిప్పులో కలుపుకోండి.

ఆయిల్ మార్పు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది. అదే మాన్యువల్‌లో కఠిన వాడకానికి తక్కువ గడువు విడిగా రాసి ఉంటుంది. పొట్టి ప్రయాణాలు ఆ కఠిన వాడకంలోకే వస్తాయి. అలాంటి కారుకి కిలోమీటర్లు ఎంత తిరిగినా ఆరు నెలలకోసారి ఆయిల్ మార్చమనే నేను చెప్తాను.

డీజిల్, టర్బో ఉన్నవాళ్లు

డీజిల్‌లో థ్రాటిల్ వ్యాక్యూమ్ ఆధారం కాదు కాబట్టి మామూలు పీసీవీ వాల్వ్ బదులు ఆయిల్‌ని వేరుచేసే సెపరేటర్, ప్రెజర్‌ని అదుపుచేసే డయాఫ్రమ్ ఉంటాయి. ఆవిరి టర్బో ముందు పైపులోకి పోతుంది. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులో పలుచటి ఆయిల్ పొర మామూలే. విప్పితే ఆయిల్ కారి నేలమీద మడుగు కడితే మామూలు కాదు. అప్పుడు బ్రీదర్‌నీ, టర్బోనీ రెండింటినీ చూపించాలి, ఒక్క టర్బో మాత్రమే మార్చి పంపిస్తే ఒప్పుకోకండి. ఇది వాయిదా వేసే విషయం కూడా కాదు. డీజిల్ ఇంజిన్‌లోకి ఆయిల్ ఎక్కువగా పోతే, తాళం తీసినా ఆగకుండా తన ఆయిల్‌నే కాల్చుకుంటూ ఆర్‌పీఎం పెంచుకుపోయే ప్రమాదముంది. ఇంకోటి, మండిన గ్యాస్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ నుంచి వచ్చే మసి ఈ ఆయిల్‌తో కలిసి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గట్టిగా పేరుకుంటుంది.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పోతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనక్కి చేరిన ఆయిల్‌ని కడిగే దారి లేదు, కార్బన్ కడుతుంది. ఆవిరిలోని ఆయిల్‌ని మధ్యలోనే పట్టే డబ్బా, ఆయిల్ క్యాచ్ క్యాన్, కొంత ఉపయోగపడేది వీటికే. పెట్టించాలనుకుంటే వారంటీ సంగతి ముందు కనుక్కోండి, రెండు వైపులా పైపులు మూసి ఉన్న రకమే తీసుకోండి, చలికాలంలో నీటితో త్వరగా నిండుతుంది కాబట్టి తరచూ ఖాళీ చేయండి. చేయలేమనుకుంటే పెట్టించకపోవడమే మేలు. మామూలు పెట్రోల్ కారుకి దాని అవసరం నాకు కనిపించదు.

బ్రీదర్ పైపు పీకి కిందికి వేలాడదీసి వదిలే సలహాకి మాత్రం ఎవరూ తలూపొద్దు. థ్రాటిల్ శుభ్రంగా ఉంటుందని చెప్తారు. ఆ తెరిచిన రంధ్రాల నుంచి రోడ్డు దుమ్ము నేరుగా ఆయిల్‌లోకి పోతుంది, కొలతలోకి రాని గాలి లోపలికి దూరి ఐడిల్ చెడుతుంది, విషపు ఆవిరి క్యాబిన్‌లోకి, వెనకాల వచ్చే బైకువాడి ముక్కులోకి పోతుంది.

ఇన్నీ చేసినా ప్రెజర్ తగ్గకపోతే

కొత్త వాల్వ్, శుభ్రమైన పైపులు, సరైన మట్టంలో ఆయిల్, పనిచేసే థర్మోస్టాట్. ఇవన్నీ ఉన్నా గ్లవ్ పైకి లేస్తూ, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో మళ్లీ మళ్లీ ఆయిల్ చేరుతుంటే రింగులు అరిగి ఉండొచ్చు. అప్పుడు కూడా చూపుతో తేల్చే మాట నమ్మొద్దు. ముందు కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఎంత ప్రెజర్ పుడుతోందో కొలిచేది), తర్వాత లీక్-డౌన్ టెస్ట్ అడగండి. లీక్-డౌన్‌లో ఒక్కో సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, అది ఎటు పోతోందో వింటారు. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు లేస్తే గ్యాస్కెట్. పరీక్ష జరిగేటప్పుడు పక్కన నిలబడండి. నాలుగు సిలిండర్లకీ అంకెలు కాగితం మీద రాయించుకుని, వాటిని రెండో షెడ్డులో చూపించాకే బోర్ పనికి, అంటే ఇంజిన్ విప్పి సిలిండర్లు బాగుచేసే పనికి బండి ఇవ్వండి.